ఎయిర్‌బ్రష్ కడగడానికి ఏది కొనాలి: ఐపీఏనా, థిన్నరా, అసిటోనా?

పెయింట్ల షాపుకెళ్ళి థిన్నర్ ఇమ్మంటే కౌంటర్లో ఆయన తల ఎత్తకుండానే అడుగుతాడు, "దేనికండీ? చెక్కకా, బండికా?" అని. మొదటిసారి నేను నీళ్ళు నమిలాను. అరచేతిలో పట్టే విమానం బొమ్మకి రంగు కొట్టే పెన్నులాంటి గన్, అదే ఎయిర్‌బ్రష్, ఒకటుంది, అది కడుక్కోవాలి అని చెప్పడానికి మొహమాటమేసి "బండికే" అనేశాను. పీయూ (పాలీయురేథేన్) థిన్నర్ లీటరు డబ్బా చేతిలో పెట్టాడు. గన్ శుభ్రపడింది. కానీ అది నెమ్మదిగా ఆరే రకం, గదిలో వాసన రెండు రోజులైనా పోలేదు.

ఆయన అడిగిన ప్రశ్న మాత్రం అసలైన ప్రశ్నే. స్కేల్ మోడలింగ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్ళు "క్లీనింగ్‌కి ఏది బెస్ట్?" అని అడుగుతుంటారు. బెస్ట్ అంటూ ఒకటి లేదు. ఏ రంగు కడుగుతున్నాం, అది ఇంకా తడిగా ఉందా ఎండిపోయిందా, ఈ రెండూ తెలిస్తే ఏ సీసా తీయాలో తెలిసినట్టే. అలా కాకుండా ఘాటుగా ఉన్నదే బాగా పనిచేస్తుందనుకుంటే ఒక్కోసారి ఉన్న పని రెట్టింపవుతుంది. నాకు అయింది కాబట్టే చెప్తున్నా.

ఆక్రిలిక్ అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు

1/48 స్కేల్ (అసలుకి 48వ వంతు) మిగ్-21 విమానం బొమ్మకి నీటి ఆక్రిలిక్ గ్రే కొడుతున్నాను. మధ్యలో రంగు మార్చాల్సి వచ్చింది. గన్ మీద రంగు పోసే కప్పులో మిగిలిన నాలుగు చుక్కల మీద నేరుగా ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోశాను. అందరూ చెప్పేది అదే కదా అనుకున్నా. ట్రిగ్గర్ లాగితే ముందు నాలుగు తుంపర్లు పడ్డాయి, ఆ తర్వాత ఒట్టి గాలి. కప్పులోకి తొంగి చూస్తే గ్రే రంగు కాస్తా ముద్దకట్టి రబ్బరులా సాగుతోంది. సూది బయటికి తీస్తే దాని చుట్టూ మెత్తటి తొడుగులాంటిది పట్టి ఉంది, గోటితో లాగితే పాము కుబుసంలా ఒక్క ముక్కగా ఊడొచ్చింది. రంగు బయటికొచ్చే 0.3 మి.మీ. మూతి, అంటే నాజిల్, లోపల ఇరుక్కున్నది మాత్రం అంత తేలిగ్గా రాలేదు. ఆ ఆదివారం మధ్యాహ్నమంతా దానికే సరిపోయింది.

జరిగిందేమిటంటే, వల్లెహో, సిటడెల్ లాంటి నీటి ఆక్రిలిక్‌లలో రెజిన్, అంటే రంగుని పట్టి ఉంచే జిగురు, నీళ్ళలో కరిగి ఉండదు. పాలల్లో కొవ్వు ఉన్నట్టు కంటికి కనపడని రేణువులుగా తేలుతూ ఉంటుంది. నీరు ఆరిపోతే ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొర అవుతాయి. ఆరకముందే గాఢమైన ఆల్కహాల్ పోశామా, పాలల్లో నిమ్మకాయ పిండినట్టే. విరిగిపోతుంది. విరిగిన ముద్ద వెళ్ళి ఎక్కడ కూర్చోకూడదో అక్కడే, నాజిల్ మూతిలో కూర్చుంటుంది.

అందుకని ఈ రకం రంగులకి మొదటి సాల్వెంట్ (కడిగే ద్రవం) నీళ్ళే. గోరువెచ్చగా ఉంటే మంచిది, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేస్తే ఇంకా మంచిది. గన్ లోంచి వచ్చే తుంపరలో రంగు కనపడకుండా పోయేదాకా నీళ్ళు కొట్టాలి. ఆ తర్వాతే ఐపీఏ గానీ థిన్నర్ గానీ. అప్పటికి తడి రంగు పోయి లోహానికి పట్టుకున్న పలుచని పొర ఒక్కటే మిగులుతుంది, దాన్ని ఇవి మెత్తబరిచి ఊడదీస్తాయి. ఒకసారి పూర్తిగా ఎండిందంటే ఇక నీళ్ళు ఎంత పోసినా దండగే.

టమియా కంపెనీ ఎక్స్, ఎక్స్‌ఎఫ్ సీసాలు, మిస్టర్ హాబీ వాళ్ళ ఆక్వియస్ రంగులు కూడా ఆక్రిలిక్‌లే. కానీ వీటి స్వభావం వేరు. వీటికి ఆల్కహాల్ పుట్టిల్లు. టమియా సొంత థిన్నర్ ఎక్స్-20ఏలో ఉండేది ప్రధానంగా ఆల్కహాల్, నీరు, గ్లైకాల్ ఈథర్. కాబట్టి కప్పులో తడి రంగు ఉండగానే ఐపీఏ పోసినా ఏ గొడవా ఉండదు, జర్రున కరిగిపోతుంది. లాకర్ (lacquer) రంగులకి వాడే ఘాటైన థిన్నర్, అంటే లాకర్ థిన్నర్, పోస్తే ఇంకా త్వరగా పోతుంది. నీళ్ళు కూడా పనిచేస్తాయి కానీ అంత చురుగ్గా కాదు. టర్పెంటైన్ మాత్రం దగ్గరికి రానివ్వకండి.

చేతిలో ఉన్న సీసా ఏ రకమో తెలియకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. పాత స్టీలు ప్లేటు మీద ఒక చుక్క రంగు, పక్కనే ఒక చుక్క ఐపీఏ వేసి, రెండింటినీ టూత్‌పిక్‌తో కలపండి. సాఫీగా పలచబడితే ఆల్కహాల్ రకం. పుల్లకి చుట్టుకుని ముద్దయితే నీటి రకం. పది సెకన్ల పని. గన్‌లో పోసి తెలుసుకోవడం కన్నా ఇది ఎంతో నయం.

లాకర్, ఎనామెల్ గురించి ఇంత కథ లేదు. మిస్టర్ కలర్, టమియా ఎల్‌పీ లాంటి లాకర్లకి లాకర్ థిన్నర్ ఒక్కటే దారి. వాసన భరించగలిగితే కడగడానికి అన్నిటికన్నా సులువైనవి ఇవే, ఎందుకంటే ఎండిన లాకర్ వారం తర్వాత కూడా తన థిన్నర్‌లో మళ్ళీ కరుగుతుంది. హంబ్రోల్ లాంటి ఎనామెల్‌కి తడిగా ఉన్నప్పుడు మినరల్ టర్పెంటైన్ సరిపోతుంది. ఎనామెల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడే రంగు, గట్టిపడ్డాక టర్పెంటైన్ మాట వినదు. అప్పుడు లాకర్ థిన్నరే దిక్కు.

ఐపీఏ కొనేటప్పుడు

99 శాతం ఐపీఏ మెడికల్ షాపులో అడిగితే చాలాచోట్ల సర్జికల్ స్పిరిట్ చేతిలో పెడతారు. రెండూ ఒకటే అనుకోకండి. బ్రిటిష్ ఫార్మకోపియా లెక్క ప్రకారం సర్జికల్ స్పిరిట్‌లో ఆముదం 2.5 శాతం ఉంటుంది, డైఇథైల్ థాలేట్ కూడా ఉంటుంది. చర్మం ఎండిపోకుండా వేస్తారు కాబట్టి ఒంటికి మంచిదే. గన్‌లో మాత్రం జిడ్డు మిగులుతుంది, తర్వాత కొట్టిన రంగు ఆ జిడ్డు మీద చేపకళ్ళలా విడిపోతుంది. మన దగ్గర దొరికే వాటిలో ఏం కలిపారో కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి లేబుల్ చదవండి. లేదా ఒక చుక్క అద్దం ముక్క మీద వేసి ఆరనివ్వండి, వేలితో రాస్తే మరక పడితే అది గన్‌కి పనికిరాదు. శానిటైజర్లదీ ఇదే కథ. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలోనే గ్లిజరిన్ ఉంటుంది, జెల్ రకాల్లో చిక్కబరిచే పదార్థం అదనం. కోవిడ్ నాటి సీసాలు అల్మారాలో మిగిలి ఉంటే చేతులకే వాడుకోండి.

అసలు ఐపీఏ కావాలంటే మొబైల్ రిపేరు సామాన్లు అమ్మే షాపుల్లో అడగండి. సర్క్యూట్ బోర్డులు తుడవడానికి వాళ్ళు వాడేది అదే. హైదరాబాదులోనైతే కోఠి గుజరాతీ గల్లీ వైపు వెళ్తే సరి. 70 శాతం ఐపీఏ కూడా టమియా తడి రంగుని కడుగుతుంది, కానీ ఎండిన పొర మీద దాని బలం చాలదు. ధరలో కొద్దిపాటి తేడాకి 99 తీసుకోవడమే మేలు, కావలసినప్పుడు డిస్టిల్డ్ వాటర్ కలిపి మనమే పలచన చేసుకోవచ్చు. మూత గట్టిగా బిగించండి, ఇది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో ఉన్నవాళ్ళకి మరీ.

ఎన్‌సీ థిన్నరా, కంపెనీ లాకర్ థిన్నరా?

నా ఓటు దాచుకోను: కడగడానికి ఎన్‌సీ థిన్నర్. ఎన్‌సీ అంటే నైట్రోసెల్యులోజ్; ఇదీ లాకర్ థిన్నరే, ఫర్నిచర్ పాలిష్ చేసేవాళ్ళు వాడే మామూలు రకం, ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. మోడలర్ల కోసమే అమ్మే మిస్టర్ టూల్ క్లీనర్ చాలా మంచి సరుకు, కాదనను. అయితే అది 250 మి.లీ. సీసాలో ఎక్కడి నుంచో రావాలి, పైగా మండే ద్రవాలని విమానంలో పార్సిల్‌గా పంపనివ్వరు కాబట్టి దొరకడం మన చేతిలో ఉండదు. గన్ కడిగి పారబోసే దానికి అంత టెన్షన్ అక్కర్లేదు.

రంగు పలచన చేయడానికి మాత్రం ఎన్‌సీ థిన్నర్ వాడకండి. ఇది టోలుయిన్, ఈస్టర్లు, కీటోన్లు, ఆల్కహాల్‌లు కలిసిన మిశ్రమం, పాళ్ళు గ్రేడుని బట్టి మారిపోతుంటాయి. చవక రకాల్లో మెథనాల్ కూడా ఉండొచ్చు. ఒక డబ్బాతో బాగా వచ్చిన ఫినిష్ ఇంకో డబ్బాతో వర్షాకాలం తేమలో తెల్లగా పాలిపోవచ్చు. నెల రోజులు కష్టపడిన మోడల్ మీద ఆ జూదం ఎందుకు? పలచన చేయడానికి కంపెనీ థిన్నర్, కడగడానికి షాపు థిన్నర్. ఇలా విడదీసుకుంటే ఖరీదైన సీసా ఏడాది వస్తుంది.

అసిటోన్ అభిమానులు కూడా ఉన్నారు. బలం విషయంలో దానికి పేరు పెట్టలేం. దాని చిక్కల్లా వేగమే. మరిగే ఉష్ణోగ్రత 56 డిగ్రీలే, అందుకే మే నెలలో మా గదిలో ఫ్యాన్ కింద పెడితే కప్పులో పోసింది పోసినట్టే ఆవిరైపోతుంది. రంగుని కరిగించి, బయటికి మోసుకెళ్ళేలోపు తానే మాయమై, కరిగిన రంగుని అక్కడే వదిలేసి పోతుంది. ఐపీఏ మరిగేది 82 డిగ్రీల దగ్గర, టోలుయిన్ 110 దగ్గర, అందుకే వాటికి పని చేసే తీరిక ఉంటుంది. నేను అసిటోన్ వాడేది ఒక్క సందర్భంలోనే: నాజిల్ విప్పి, మూత ఉన్న చిన్న గాజు సీసాలో వేసి అరగంట నానబెట్టేటప్పుడు. నెయిల్ పాలిష్ రిమూవర్ దానికి బదులు కాదు. అందులో నూనె, సెంటు, రంగు కలుపుతారు, "అసిటోన్ లేనిది" అని రాసి ఉన్న వాటిలో అసలు అసిటోనే ఉండదు.

మండే స్వభావాన్ని బట్టి కూడా వీటిని పోల్చి చూడాలి. నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే ఉష్ణోగ్రత అసిటోన్‌కి మైనస్ 20, టోలుయిన్‌కి 4, ఐపీఏకి 12 డిగ్రీల దగ్గర. అంటే మన ఊళ్ళలో ఏ కాలంలోనైనా ఇవి సిద్ధంగానే ఉంటాయి. మినరల్ టర్పెంటైన్‌ది 30 పైన కాబట్టి కొంచెం మేలు అంటారు, చల్లటి దేశాల్లో నిజమే. రామగుండం ఎండల్లో గది వేడే ఆ గీత దాటేస్తుంది. దేవుడి గదిలో దీపం వెలుగుతుంటే పక్క గదిలో థిన్నర్ స్ప్రే చేయకండి. గన్‌ని గాల్లోకి కాకుండా మూత ఉన్న క్లీనింగ్ జార్‌లోకి కొట్టండి. ముఖానికి ఎన్95 మాస్కు వేసుకున్నామని ధీమా పడితే లాభం లేదు, అది దుమ్ముని ఆపుతుంది కానీ ఆవిరిని కాదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి, కిటికీ తెరిచి ఉండాలి. నైట్రైల్ గ్లౌజులు ఐపీఏకి బాగానే ఆగుతాయి, అసిటోన్ మాత్రం పలుచటి వాటిలోంచి నిమిషాల్లో లోపలికి దిగుతుంది.

మరొకటి, ఇది ఇంట్లో అందరి కోసం. థిన్నర్, ఐపీఏ, అసిటోన్ మూడూ చూడ్డానికి మంచినీళ్ళే. ఖాళీ వాటర్ బాటిల్లో గానీ స్టీలు గ్లాసులో గానీ ఎట్టి పరిస్థితుల్లో పోసి పెట్టకండి.

గ్లాస్ క్లీనర్, కిరసనాయిలు, పెట్రోలు

అద్దాలు తుడిచే నీలం స్ప్రే నీటి ఆక్రిలిక్‌లకి బాగా పనిచేస్తుందని విదేశీ మోడలర్లు చాలామంది చెప్తారు. పనిచేస్తుంది కూడా. భయమల్లా అందులో అమోనియా ఉంటేనే. ఎయిర్‌బ్రష్ శరీరం చాలావరకు ఇత్తడి, పైన క్రోమియమో నికెలో పూత. ఇత్తడికీ అమోనియాకీ పడదన్న సంగతి ప్రపంచానికి తెలిసిందే మన దేశంలో. బ్రిటిష్ సైన్యం ఇక్కడ గుర్రాల సాలల్లో నిల్వ చేసిన తూటాల ఇత్తడి గొట్టాలు వానాకాలం రాగానే వాటంతటవే పగిలేవి. వర్షాల సీజన్లో పగిలేవి కాబట్టి దాన్ని సీజన్ క్రాకింగ్ అన్నారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, గొట్టాలు తయారుచేసేటప్పుడు లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి, రెండూ కలిసి చేసిన పని అది అని 1921లో తేల్చారు. ఒకసారి గ్లాస్ క్లీనర్ కొట్టి వెంటనే నీళ్ళతో కడిగితే మీ గన్ పగిలిపోతుందని నేననను. రాత్రంతా అందులో నానబెడితే, అదీ పూత లేచిపోయిన పాత గన్ అయితే, మీ ఇష్టం. అమోనియా లేని రకం అయితే ఈ గొడవే లేదు.

కిరసనాయిలు మెకానిక్ షెడ్డులో బాగుంటుంది. ఎనామెల్‌ని కడుగుతుంది, కానీ జిడ్డు వదిలిపెట్టదు, దాన్ని పోగొట్టడానికి మళ్ళీ థిన్నర్ కావాలి. పెట్రోలు ఇంట్లో గన్‌లో పోసి స్ప్రే చేసేవాళ్ళకి నేను చెప్పేదేమీ లేదు.

గన్‌లో ఏది తట్టుకుంటుంది, ఏది తట్టుకోదు

సూది స్టెయిన్‌లెస్ స్టీలు, దానికి ఏదీ ఏమీ చేయదు. సూది చుట్టూ ఉండే సీలు మంచి గన్‌లలో టెఫ్లాన్, దానికీ భయం లేదు. చవక గన్‌లలో అక్కడ నల్లటి రబ్బరు ఓ-రింగ్ ఉంటుంది. థిన్నర్లో, అసిటోన్లో అది ఉబ్బుతుంది. నా మొదటి గన్‌ని "బాగా నానితే బాగా పోతుంది" అని మొత్తంగా థిన్నర్లో ముంచి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే ట్రిగ్గర్ కదలదు, కింద గాలి వాల్వులో ఓ-రింగ్ ఉబ్బి బిగుసుకుపోయింది. రెండు రోజులు గాలికి ఆరితే కొంత తగ్గింది కానీ పూర్వంలా ఎప్పుడూ రాలేదు. నానబెట్టాల్సింది నాజిల్, దాని ముందు మూతలు మాత్రమే. మిగతా గన్‌ని తుడవడమే.

మీ గన్‌లో రబ్బరు ఉందని అనుమానముంటే, నీటి రంగులు కొట్టేవాళ్ళయితే, థిన్నర్ జోలికి తక్కువ పోయి వల్లెహో ఎయిర్‌బ్రష్ క్లీనర్ లాంటిది తీసుకోండి. ఖరీదు ఎక్కువే, కానీ నీటి ఆక్రిలిక్‌ని విరగ్గొట్టకుండా కరిగించేలా తయారుచేసినది. కొత్తవాళ్ళకి ఆ డబ్బు దండగ కాదు.

మోడల్ మీద మాత్రం థిన్నర్, అసిటోన్ ఒక్క చుక్క కూడా పడనివ్వకండి, మోడల్ తయారైన పాలీస్టైరీన్ ప్లాస్టిక్ కరిగిపోతుంది. థర్మోకోల్ కప్పుల్లో పోసినా అంతే, కింద టేబుల్ మీదికి దిగుతుంది.

ఇక మీరు కొట్టేది నీటి రంగులే అయితే సబ్బునీళ్ళు, ఒక సీసా క్లీనర్ చాలు, నెలకోసారి విప్పి తుడవడానికి కొంచెం ఐపీఏ. టమియా రంగులు ఎక్కువగా వాడేవాళ్ళకి లీటరు 99 ఐపీఏ ఒక్కటీ ఉంటే ముప్పాతిక పని అయిపోతుంది. లాకర్ కొట్టేవాళ్ళు ఎలాగూ ఎన్‌సీ థిన్నర్ కొనాల్సిందే, అది ఉంటే ఇంకేదీ అక్కర్లేదు. నాలాగా మూడూ కలిపి వాడేవాళ్ళ టేబుల్ మీద నీళ్ళ సీసా, ఐపీఏ, థిన్నర్, ఈ వరసలోనే ఉంటాయి, ఎడమ నుంచి కుడికి. చెయ్యి కూడా ఆ వరసలోనే వెళ్తుంది: ముందు రంగుకి తగ్గది, చివర్లో థిన్నర్. ఎనామెల్ రోజు మాత్రం టర్పెంటైన్ సీసా వచ్చి నీళ్ళ చోట కూర్చుంటుంది.

వాడిన థిన్నర్‌ని సింకులో పోయకుండా మూత బిగించిన గాజు సీసాలో పెడతాను. వారానికి రంగు అంతా అడుగున బురదలా పేరుకుంటుంది, పైన తేరిన థిన్నర్ వచ్చేసారి మొదటి కడుగుకి సరిపోతుంది. నా సీసా అడుగున ఇప్పుడు రెండు అంగుళాల మందాన గ్రే, దాని మీద సన్నగా ఆలివ్, పైన ఎరుపు ఉన్నాయి. మిగ్ నుంచి ఇప్పటిదాకా కొట్టిన రంగులన్నీ వరసగా అందులో కనిపిస్తాయి.